రాయిగా మారిన దుంగను ఇంట్లో పెట్టుకోవాలంటే

"దీనికి చెద పడుతుందా?" శిలాజ కలప స్టూలు కొనాలనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. రెండోది, వార్నిష్ ఎన్నాళ్లకోసారి వేయాలని. చెద పట్టదు. వార్నిష్ అక్కర్లేదు. వలయాలు, బెరడు, కొమ్మ విరిగినచోట ముడి, అన్నీ చెట్టువే కానీ చేతికి తగిలేది పలుగురాయి. అది ఒక్కటి గుర్తుంటే కొనేటప్పుడు, మోసేటప్పుడు, తుడిచేటప్పుడు ఏం చేయాలో చాలావరకు మీకే తోస్తుంది.

మాది బేతంచెర్ల. ఇంటింటా ఎవరో ఒకరు నాపరాయి పనిలో ఉండే ఊరు. నేను హైదరాబాద్ వచ్చి గ్రానైట్, మార్బుల్ పాలిష్ పనిలో స్థిరపడ్డాను. కిచెన్ ప్లాట్‌ఫారాలూ మెట్లూ నా రోజువారీ పని. ఈ రాతి దుంగలు మధ్యమధ్యలో వస్తుంటాయి, ఎక్కువగా కొన్న తర్వాత చిక్కొచ్చి పడ్డవాళ్ల దగ్గర్నుంచి. అరలో నిలవలేదనో, రంగు పోయిందనో, పగులు కనబడిందనో తెస్తారు. కొనకముందే అడిగితే ఏం చెప్పేవాణ్నో అది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ రాయి ఎలా పుట్టిందో కొంచెం తెలియాలి, ఎందుకంటే దాని బలం, బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి. చెట్టు కూలి, వరద మట్టిలోనో అగ్నిపర్వతం బూడిదలోనో త్వరగా పూడిపోతే గాలి అందక కుళ్లడం ఆగిపోతుంది. బూడిదలోని సిలికా నేలలోని నీళ్లలో కరిగి చెక్క గొట్టాల్లోకి, కణాల్లోకి చేరి గట్టిపడుతుంది. లక్షల ఏళ్లు గడిచేసరికి చెక్క పోయి, దాని ఆకారమే పలుగుగా మిగులుతుంది. రంగులు ఆ నీళ్లతో వచ్చిన లోహాలవి. ఎరుపు, పసుపు, గోధుమ రంగులు ఇనుముతో వస్తాయి. నలుపు మాంగనీసు వల్ల కావచ్చు, మిగిలిపోయిన కార్బన్ వల్ల కావచ్చు. అరుదుగా కనిపించే ఆకుపచ్చ క్రోమియంది. సిలికా అన్నిచోట్లా ఒకేలా నిండదు. ఎండి చీలిన చెక్కలోని సందులు రాయిలోనూ సందులుగానే మిగలొచ్చు. అందుకే గ్రానైట్ కన్నా గట్టిగా ఉండే ఈ దుంగ, పాత చీలిక దగ్గర దెబ్బ తగిలితే మాత్రం గ్రానైట్ కన్నా సులువుగా రెండవుతుంది.

ఎక్కడిది అని అడగండి

మన షోరూముల్లో కనిపించే స్టూళ్లు, సైడ్ టేబుళ్లు, వాష్ బేసిన్లు ఎక్కువగా ఇండోనేషియావి, అందులోనూ జావా దీవివి. అక్కడ బాంటెన్ ప్రాంతంలో పొలాల కింద నుంచి తవ్వి తీస్తారు. ఇవి ఎక్కువగా మయోసీన్, ప్లయోసీన్ కాలాల చెట్లు, అంటే దాదాపు 26 లక్షల నుంచి 2.3 కోట్ల ఏళ్ల నాటివి. గోధుమ, బూడిద, తెలుపు, నలుపు కలిసిన రంగుల్లో, పక్కన బెరడు గరుకుగానే వదిలేసి, పైన కింద మాత్రం పాలిష్ చేసి పంపుతారు. మడగాస్కర్ నుంచి వచ్చేవి పలచని బిళ్లలు, ట్రయాసిక్ కాలంవి, అంటే 20 కోట్ల ఏళ్లు దాటినవి. ఎరుపు, గులాబీ రంగుల్లో చూడముచ్చటగా ఉంటాయి. అరిజోనా దుంగలూ అదే కాలానివి. ఎరుపు, పసుపు, ఊదా, తెలుపు ఒకే బిళ్లలో కలగలిసి ఉంటాయి. అందంలో నా ఓటు అరిజోనాకే. ఇంట్లో రోజూ కళ్లెదుట ఉండాలంటే మాత్రం జావా గోధుమ రంగే నయం. ఎరుపు ఎక్కువైన రాయి పక్కన సోఫా రంగు కుదరక ఇబ్బంది పడ్డవాళ్లను చూశాను.

మన దేశంలోనూ ఉన్నాయి. పుదుచ్చేరి దగ్గర తిరువక్కరైలో దుంగలు నేల మీదే పడి ఉంటాయి. పెరంబలూరు జిల్లా సాత్తనూరులో 18 మీటర్ల పొడవున్న మాను ఉంది. జైసల్మేర్ దగ్గర అకల్, మధ్యప్రదేశ్ దిండోరీ జిల్లాలో ఘుఘువా కూడా శిలాజ వనాలే. ఇవన్నీ రక్షిత స్థలాలు, చూసి రావడానికే. మనకు బాగా దగ్గర్లో, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట సిరోంచ వైపు కూడా రాతి దుంగలున్నాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ డైనోసార్ ఎముకలు దొరికింది కూడా ఆ లోయలోనే. "మా ఊరి వాగులో దొరికింది, మెరుగు పెట్టి ఇవ్వన్నా" అని ఎవరైనా తెస్తే నేను పట్టుకోను. దాన్ని అక్కడే ఉంచి, ఫోటో తీసి, భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకో దగ్గర్లోని యూనివర్సిటీ భూగర్భశాస్త్ర విభాగానికో తెలియజేయమంటాను. ఎక్కడ, ఏ పొరలో దొరికిందో తెలిసినంతవరకే దానికి చదువుకునేవాళ్ల దగ్గర విలువ. కోసి పాలిష్ పెడితే అది వట్టి షోకేసు రాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. గ్రాండ్ కాన్యన్ చూడ్డానికి వెళ్తూ దారిలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్కులో ఆగేవాళ్లు చాలామంది. 1906లో జాతీయ స్మారకంగా, 1962లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఆ స్థలంలో గోరంత ముక్క తీసుకున్నా నేరమే. తీసుకెళ్లినవాళ్లు తర్వాత మనసొప్పక క్షమాపణ ఉత్తరాలతో వెనక్కి పంపిన రాళ్లు అక్కడ ఒక గుట్టగా పడి ఉన్నాయి. ఏ రాయి ఎక్కడిదో తెలియదు కాబట్టి వాటిని తిరిగి పార్కు నేల మీద చల్లడానికీ లేదు. పార్కు బయట బీఎల్ఎం అనే సంస్థ చూసే ప్రభుత్వ భూముల్లో, నిషేధం లేనిచోట, సొంతానికి రోజుకు 25 పౌండ్ల (సుమారు 11 కిలోల) బరువూ ఒక ముక్కా, ఏడాదికి 250 పౌండ్లకు (సుమారు 113 కిలోలకు) మించకుండా ఏరుకోవచ్చు, అమ్ముకోకూడదు. ఈ తలనొప్పంతా ఎందుకనుకుంటే, పక్కనే హోల్‌బ్రుక్ ఊళ్లో ప్రైవేటు భూముల్లో తవ్విన రాళ్లు బిల్లుతో అమ్ముతారు. ఆ బిల్లు పారేయకండి. ఇండియాకు తెస్తే చెక్‌ఇన్ సూట్‌కేసులో, బట్టల మధ్య, అంచులకు అట్ట చుట్టి పెట్టండి.

బరువు లెక్క

దీని దగ్గర అందరూ బోల్తా పడతారు. సన్నగా కనిపించే ముక్క కూడా ఘనసెంటీమీటరుకు 2.6 గ్రాములు తూగుతుంది. గుండ్రని ముక్కకు నేను వాడే లెక్క సులువు. అడ్డకొలతను సెంటీమీటర్లలో దానితోనే హెచ్చవేయండి, వచ్చినదాన్ని మందంతో హెచ్చవేయండి, రెట్టింపు చేయండి. అవే గ్రాములు.

30 సెంటీమీటర్ల అడ్డకొలత, 2 సెంటీమీటర్ల మందం ఉన్న బిళ్ల: 30 × 30 × 2 × 2, అంటే 3,600 గ్రాములు. అరలో నిలబడుతుంది. 60 సెంటీమీటర్ల టేబుల్ పలక, 4 సెంటీమీటర్ల మందం: 28,800 గ్రాములు, దాదాపు 29 కిలోలు. ఇద్దరు మోయాలి. 40 సెంటీమీటర్ల అడ్డకొలత, 45 సెంటీమీటర్ల ఎత్తున్న స్టూలు: 144 కిలోలు. అదే 60 సెంటీమీటర్ల లావు, మీటరు ఎత్తున్న దుంగైతే 720 కిలోలు. వంకరటింకర దుంగకు కొంచెం తగ్గుతుంది, అంతే.

ఫ్లాట్ స్లాబు మోస్తుందా అని భయపడేవాళ్లున్నారు. నివాస గదులకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు పడుతుందని లెక్కేసి కట్టడం మన ఐఎస్ 875 ప్రమాణం. ఒక్క స్టూలుతో ఏమీ కాదు. మీటరు దుంగ పెట్టాలని ఆశపడితే మాత్రం దాన్ని హాలు మధ్యలో పెట్టకుండా పిల్లర్ దగ్గరికి జరపాలి. అంతకన్నా ముందు, ఆ బిల్డింగ్ డిజైన్ చేసిన ఇంజినీరు సంతకం తీసుకోవాలి. వాచ్‌మన్ "ఏం కాదు సార్" అన్నాడని పెట్టకండి. లిఫ్టు సామర్థ్యం కూడా ముందే చూసుకోండి. దుంగ, దాన్ని మోసే నలుగురు కలిస్తే చాలా లిఫ్టులు ఒప్పుకోవు.

ఈ లెక్కతో నకిలీలు కూడా పట్టుకోవచ్చు. రెసిన్‌తో పోత పోసిన ముక్క ఈ లెక్కలో సగం కూడా తూగదు. బిళ్లలైతే కొట్లోనే తూకం వేయించండి. అమ్మేవాడు తటపటాయిస్తే అక్కడే అర్థమవుతుంది.

కొట్లో చేయాల్సిన పరీక్షలు

చేయి ఆనించండి. ఏసీ లేని గదిలో కూడా రాయి చల్లగా తగులుతుంది, రెసిన్ తగలదు. తర్వాత కింది వైపు, కనబడనిచోట, చాకు మొనతో గట్టిగా గీయండి. రాళ్ల గట్టితనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కగట్టే మోస్ కొలతలో శిలాజ కలప కాఠిన్యం 7 దాకా ఉంటుంది, మామూలు చాకు అంతకన్నా మెత్తన. గీసినచోట బూడిద రంగు గీత పడి, వేలితో రుద్దితే పోవాలి. అది ఇనుము గీతే, రాయికి పడ్డ గాటు కాదు. గాటు పడితే అది రెసినో, సున్నం రకమో.

సున్నం రకం అన్నాను కదా. సిలికాకు బదులు కాల్సైట్ నిండిన దుంగలు కూడా ఉంటాయి. అవీ అసలైన శిలాజాలే, కానీ మెత్తన. నిమ్మరసం చుక్క పడితే పొంగుతాయి. అడుగున ఒక చుక్క వేసి చూడండి, బుడగలు వస్తే ఆ ముక్కను షోకేసులో పెట్టుకోండి తప్ప టీ కప్పులు పెట్టే టేబుల్‌గా వద్దు.

వలయాలు చూడండి. పైన ఎక్కడ ముడి ఉందో, పక్క బెరడు మీద కూడా దాని జాడ ఉండాలి. పైనున్న పగులు పక్కన కూడా దిగాలి. ప్రింట్ వేసిన టైల్ రకాలైతే పై గీతలకూ పక్క గీతలకూ పొంతన ఉండదు. ఒకే డిజైను రెండో ముక్కలోనూ కనబడుతుంది. రంగు అద్దిన ముక్కల కోసం దూదికి నెయిల్ పాలిష్ రిమూవర్ తడిపి అడుగున తుడవండి. దూది ఎర్రబడితే ఆ ఎరుపుకి కోట్ల ఏళ్లు లేవు.

ఇక పగుళ్లు. ఇది మా రాయి పనివాళ్ల పద్ధతి, గ్రానైట్ పలక కొనేటప్పుడు కూడా పనికొస్తుంది. ముక్కంతా తడిగుడ్డతో తుడిచి రెండు నిమిషాలు ఆగండి. పైన తడి ఆరిపోతుంది కానీ నెర్రెలో నీళ్లు ఆరవు. సన్నని నల్ల గీతగా మిగిలిపోతుంది. కళ్లకు కనబడని పగులంతా అలా బయటపడుతుంది. తర్వాత రూపాయి బిళ్లతో అక్కడక్కడ తట్టండి. టంగుమనాలి. ఒకచోట డబ్‌మని మొద్దుగా వినిపిస్తే లోపల డొల్లో, పగులో, రెసిన్ నింపిన గొయ్యో ఉంది.

రెసిన్ నింపడం తప్పు కాదు, అది చెప్పకుండా అమ్మడం తప్పు. పెద్ద ముక్కల్లో ఎంతో కొంత నింపకుండా పాలిష్ రాదు. దొంగనోట్లు చూసే ఊదారంగు టార్చి తీసుకెళ్లండి. చీకట్లో వెలుగు వేస్తే చాలా ఎపాక్సీ రెసిన్లు నీలి తెలుపుగా మెరుస్తాయి. సన్నని గీతల్లా మెరిస్తే పరవాలేదు. అరచేతి వెడల్పు మరకలు మెరిస్తే ధర తగ్గించమనండి. అలాంటి ముక్కను ఎండపడే కిటికీ దగ్గర పెట్టకూడదని కూడా గుర్తుంచుకోండి. ఇనుము రంగులు ఎండకు చెక్కుచెదరవు. ఎపాక్సీ పసుపెక్కుతుంది.

ఏది కొనాలి

మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పేది పుస్తకాల అరలో రెండు వైపులా నిలబెట్టే బుక్‌ఎండ్ల జత. ఒకే దుంగను నిలువునా కోసి చేసినవైతే రెండు ముక్కల గీతలు అద్దంలో చూసినట్టు ఎదురెదురుగా సరిపోతాయి. బరువుకు పని ఉంది, అందానికి పని ఉంది. చెడిపోయే అవకాశం తక్కువ. కోస్టర్లు, చిన్న బిళ్లలు కూడా మంచివే, కానీ ఆరు కోస్టర్లు వేర్వేరు దుంగలవి తీసుకుంటే టేబుల్ మీద అతుకుల బొంతలా ఉంటాయి. ఒకే దుంగ నుంచి వరసగా కోసినవి అడగండి.

స్టూలు సోఫా పక్కన బాగుంటుంది. ఒక్కటి చాలు. హాల్లో నాలుగు పెట్టించుకున్న ఇంట్లోకి వెళ్తే కట్టెల అడితిలోకి వెళ్లినట్టే ఉంటుంది. పాకే పిల్లలున్న ఇంట్లో అడుగు సరిగా నేలకు ఆనిందో లేదో చూడాలి. దుంగ పైభాగం కన్నా అడుగు సన్నగా ఉంటే ఎంత ముచ్చటగా ఉన్నా వద్దు.

వాష్ బేసిన్ జోలికి పోవద్దన్నది నా గట్టి అభిప్రాయం. దుంగను తొలిచి బేసిన్ చేసేటప్పుడు, నీళ్లు పోయే రంధ్రం పాత చీలిక దగ్గరే పడితే కొన్నాళ్లకు అక్కడే చెమ్మ దిగుతుంది. బోరు నీళ్లు వాడే ఇంట్లో తెల్ల మరకలు కడతాయి. వాటిని వదిలించడానికి ఎవరో ఒకరు బాత్‌రూమ్ యాసిడ్ పోస్తారు. అక్కణ్నుంచి కథ నా దగ్గరికి వస్తుంది. యాసిడ్ పలుగును ఏమీ చేయదు కానీ నెర్రెల్లోని ఇనుము రంగును కడిగేస్తుంది, సున్నం మచ్చలను తినేస్తుంది. కొన్ని టైల్ క్లీనర్లలో, తుప్పు మరకల మందుల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. అది పలుగు మెరుపును కూడా పోగొడుతుంది. అప్పుడు పాలిష్ మొదటినుంచి మళ్లీ చేయాల్సిందే.

వాస్తుకు మంచిదా, ఏ మూల పెట్టాలి అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: మూల సంగతి సిద్ధాంతిగారిని అడగండి, బరువు సంగతి నన్నడగండి. ఇది సాలగ్రామమా అని కూడా అడుగుతారు. కాదు. సాలగ్రామం గండకీ నదిలో దొరికే సముద్ర జీవి శిలాజం.

మెరుగు పెట్టడం

పాలిష్ లేని ముక్క చవగ్గా వస్తుంది, ఇంట్లో చేసుకుందామనిపిస్తుంది. ఒక్క షరతు మీద సరే అంటాను: పొడిగా రుద్దకూడదు. ఈ రాయి ధూళి అంతా సిలికానే. కళ్లకు కనబడనంత సన్నగా లేచి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం లేదు. రాయి పని ఊళ్లలో దగ్గుతూ పోయినవాళ్ల సంగతి మాకు చెప్పనక్కర్లేదు. గుడ్డ కట్టుకుంటే ఆగదు. బాల్కనీలో గ్రైండర్ పెట్టి పొడిగా రుద్దితే ఆ ధూళి మీ పక్క ఫ్లాటు పిల్లలకు కూడా పోతుంది. గ్రైండర్ వాడే పని నీటి సౌకర్యం ఉన్న వర్క్‌షాపుకే ఇవ్వండి. నీళ్లూ కరెంటూ కలిసే పని ఇంట్లో వద్దు.

చేత్తో చేసుకునే పద్ధతి ఒకటుంది. నెమ్మది పని, కానీ అరచేతి సైజు బిళ్లకు చక్కగా కుదురుతుంది. మందపాటి గాజు పలక ఒకటి, సిలికాన్ కార్బైడ్ అనే గరుకు పొడి నాలుగు రకాలు కావాలి: 80, 220, 400, 800. నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నం. గాజు మీద చెంచాడు 80 నంబరు పొడి వేసి, నీళ్లు చిలకరించి, బిళ్లను బోర్లించి ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దండి. రుద్దే ముందు బిళ్ల మీద మార్కర్‌తో అడ్డంగా నిలువుగా గీతలు గీయండి. గీతలన్నీ ఒకేసారి చెరిగితే ముఖం చదునైనట్టు. మధ్యలో గీత మిగిలితే అక్కడ ఇంకా గుంట ఉంది.

నంబరు మారేటప్పుడు బిళ్లను, గాజును, చేతులను, గోళ్ల సందులను కూడా బాగా కడగాలి. ముందటి పొడి రేణువొక్కటి మిగిలినా 400 దగ్గర పెద్ద గీత పడుతుంది, అది పోవాలంటే మళ్లీ 220కి వెళ్లాలి. వీలైతే ఒక్కో నంబరుకు వేరే గాజు పెట్టుకోండి. నంబరు దాటేయడం ఆదా కాదు. 80 గీతలను 400తో పోగొట్టాలనుకుంటే రోజంతా రుద్దినా పోవు. ఆరబెట్టి, దీపం వెలుతురులో ఏటవాలుగా చూసి, పాత గీతలు లేవనుకున్నాకే ముందుకెళ్లండి. తడి మీద అన్నీ నున్నగానే కనిపిస్తాయి. 800 తర్వాత బిళ్ల మెరవదు, పట్టులా మసకగా ఉంటుంది. మెరుపు తెచ్చేది సీరియం ఆక్సైడ్ అనే సన్నని మెరుగు పొడి. దాన్ని నీళ్లతో చిక్కగా కలిపి, దళసరి ఫెల్ట్ గుడ్డ మీద రాసి, గట్టిగా ఒత్తి రుద్దాలి. గుడ్డ ఆరీ ఆరనట్టు ఉన్నప్పుడే అసలు మెరుపు వస్తుంది.

రుద్దగా మిగిలిన బురదను సింకులో పోయకండి. పైపులో గట్టిపడి కూర్చుంటుంది. బకెట్లో పేరుకోనిచ్చి, పై నీళ్లు వంపేసి, అడుగు ముద్దను కవర్లో కట్టి చెత్తలో వేయండి.

పగుళ్లుంటే 80 తర్వాతే నింపాలి. బిళ్లను ఒక రోజు ఆరనివ్వండి, హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చగా చేయండి, నీళ్లలా పలచగా ఉండే రెండు భాగాల ఎపాక్సీ కలిపి పగులు వెంట పోయండి. రాయి చల్లారుతుంటే లోపలి గాలి ముడుచుకుని ఎపాక్సీని లోపలికి లాగుతుంది. 24 గంటలు కదపకండి. పైకి ఉబ్బినది బ్లేడుతో గీకేసి 220 నుంచి కొనసాగించండి. మా దగ్గర గ్రానైట్‌కు వాడే మాస్టిక్ ఎవరైనా పెడతానంటే వద్దనండి, ఈ గీతల మధ్య పుట్టీ మరకలా కనబడుతుంది.

నిలబెట్టడం

మార్బుల్ నేల కాఠిన్యం 3, మీ దుంగది 7. ఒక్క అడుగు ఈడిస్తే నేల మీద గీత పడినట్టే. అడుగున దళసరి రబ్బరో ఫెల్టో అంటించాకే దించండి. జరపాల్సి వస్తే దుప్పటి మీదికి ఎక్కించి దుప్పటిని లాగాలి. ఎత్తేటప్పుడు అడుగున చేతులు పెట్టి ఎత్తండి, బెరడు అంచు పట్టుకుని ఎత్తితే అది చెక్కలా ఊడి వస్తుంది.

టేబుల్ పలకకు ఇనుప స్టాండు చేయిస్తే మూడు కాళ్లది చేయించండి. నేల కాస్త హెచ్చుతగ్గులున్నా ఊగదు. కాళ్లు ఎడంగా, పలక అంచు దాకా రావాలి, లేకపోతే ఎవరైనా అంచు మీద చేయి ఆనిస్తే తిరగబడుతుంది. పలకకూ ఇనుముకూ మధ్య న్యూట్రల్ సిలికాన్ జిగురు చుక్కలు పెడితే చాలు. పుల్లటి వాసన వచ్చే రకం సిలికాన్ వద్దు. గాజు టేబుల్ మీద, ప్లైవుడ్ అర అంచున దీన్ని పెట్టడం ప్రమాదం. పెట్టేముందు పై లెక్క ఒకసారి వేయండి.

గోడకు బిళ్ల తగిలించాలంటే ముందు ఆ గోడ దేనితో కట్టారో తెలుసుకోండి. కొత్త ఫ్లాట్లలో చాలావరకు తేలిక ఏఏసీ బ్లాకులే. వాటిలో మామూలు ప్లాస్టిక్ గట్టాలు కొడితే 4 కిలోల బిళ్ల కూడా ఏదో ఒకరోజు ఊడి పడుతుంది. రంధ్రంలో జిగురుతో బిగిసే కెమికల్ యాంకర్లు వేసి, స్టీలు బ్రాకెట్ మీద బిళ్ల అడుగు ఆనేలా కూర్చోబెట్టాలి. పై బ్రాకెట్ ముందుకు పడకుండా పట్టుకోవడానికే. అంటించి వదిలేయడం, జిప్సం పార్టిషన్‌కు వేలాడదీయడం రెండూ కుదరవు.

దీని కింద ఏం పెట్టాలని అడిగితే, నేను పుట్టిన సీమ పక్షపాతం అనుకోండి, నల్ల కడప రాయి పీట చేయించమంటాను. మెరుగు లేకుండా, చేతికి మసకగా తగిలే ముఖంతో. ఆ నలుపు మీద గోధుమ వలయాలు వెలుగుతాయి. పాలిష్ చేసిన దుంగ కింద పాలిష్ చేసిన గ్రానైట్ పెడితే రెండూ మెరుస్తాయి, ఏదీ కనబడదు. వెనక గోడ సాదాగా ఉంచండి, వాల్‌పేపర్ పూలు వద్దు. దీపం నెత్తిన కాకుండా పక్క నుంచి, ఏటవాలుగా పడాలి. అప్పుడు బెరడు గరుకు తేలుతుంది. పలచని మడగాస్కర్ బిళ్లల్లో కొన్నిటి గుండా వెలుతురు కొంచెం దూరుతుంది. ఫోన్ టార్చి వెనక పెట్టి చూడండి. నిప్పు రంగులో వెలిగితే వెనక ఎల్ఈడీ పెట్టించడం దండగ కాదు. వెలగకపోతే ఎంత లైటు పెట్టినా వెలగదు.

తర్వాత

పొడిగుడ్డ, అప్పుడప్పుడు గిన్నెల సబ్బు చుక్క కలిపిన తడిగుడ్డ, మళ్లీ పొడిగుడ్డ. అంతే. మెరుపు కోసం కొబ్బరినూనె రాయకండి, నాలుగు రోజులు మెరిసి ఐదో రోజు నుంచి దుమ్ము పట్టుకుంటుంది. టీ, కాఫీ కప్పులు నిశ్చింతగా పెట్టుకోండి. పొయ్యి మీద నుంచి దించిన కుక్కర్ మాత్రం పెట్టవద్దు. పలుగు మాడదు కానీ ఆ వేడికి ఎపాక్సీ తెల్లబడుతుంది, నెర్రె పెద్దదవుతుంది. ఇల్లు తుడిచే ఆవిడకు కూడా చూపించి చెప్పండి, "దీనికి యాసిడ్ వద్దమ్మా, ఉత్త నీళ్లు చాలు" అని. చెప్పకపోతే ఆమె దాన్ని మరక పట్టిన రాయిలా శుభ్రంగా తోమేస్తుంది, అది ఆమె తప్పు కాదు.

అంచు ఎగిరిపోతే రేణువులతో సహా అన్నీ ఏరి ఒక కవర్లో వేయండి. ఇన్‌స్టంట్ గమ్‌తో అంటించే ప్రయత్నం చేయకండి, అది గట్టిపడిన ముఖాన్ని మళ్లీ శుభ్రం చేసేసరికి అతుకు వెడల్పవుతుంది. విరిగిన ముఖం మీద చేతివేళ్ల జిడ్డు కూడా తగలకుండా అలాగే తీసుకురండి. ముక్కలు సరిపోతే ఎపాక్సీతో కూర్చి, అతుకును చుట్టూ ఉన్న గీత రంగులో కలిపేయొచ్చు. వలయం వెంట విరిగితే అతుకు దాదాపు కనబడదు, వలయానికి అడ్డంగా విరిగితే మాత్రం కనబడుతుంది.